యాభై రెండులోంచి ఇరవై ఏడు తీస్తే ముప్పై అయిదా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. పన్నెండేళ్ళ సర్వీసు. అయిదు తరగతులకూ కలిపి ఇద్దరమే టీచర్లం. ఇన్నేళ్ళలో ఎన్ని ట్రైనింగులకు వెళ్ళానో లెక్కలేదు, బీరువా నిండా ఆ శిక్షణ పుస్తకాలే (మాడ్యూళ్ళు). అయినా మా మూడో తరగతిలో సగం మందికి 52లోంచి 27 తీసేయడం రాదు. రెండక్షరాల మాటలు గడగడా చదివినవాళ్ళు వాక్యం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. ఇప్పుడు మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు వచ్చే నెల జరిగే తెలుగు, గణితం శిక్షణకు నన్ను రిసోర్స్ పర్సన్‌గా, అంటే శిక్షణ ఇచ్చే టీచరుగా వెళ్ళమంటున్నారు. నా పిల్లలకే రాకపోతే నలభై మంది టీచర్లకు నేనేం చెప్పను? వాళ్ళలో నాకు చదువు చెప్పిన సారు కూడా ఉన్నారు. ఒప్పుకోనా, మానుకోనా? ఒప్పుకుంటే ఆ అయిదు రోజులూ ఏం చేయించాలి? అన్ని రోజులు మా బడి సంగతేంటి?

జవాబు:

అమ్మా,

ఒప్పుకోండి. "నా పిల్లలకే రాకపోతే" అని రాశారు చూశారా, ఆ ఒక్క మాట చూసే ఒప్పుకోమంటున్నాను. నేను చూసిన రిసోర్స్ పర్సన్లలో చాలామంది తమ బడిలో పిల్లలందరికీ అన్నీ వచ్చేసినట్టే మాట్లాడేవారు. రాలేదని వినేవాళ్ళకు తెలుసు. వాళ్ళకు తెలుసన్న సంగతి చెప్పేవాళ్ళకూ తెలుసు. టీ వచ్చేదాకా అందరం కలిసి ఆ నాటకం ఆడేవాళ్ళం.

నేనూ వేషం కట్టినవాణ్ణే. మొదటిసారి రిసోర్స్ పర్సన్‌గా వెళ్ళిన వేసవిలో భిన్నాల భాగహారం నా వంతుకొచ్చింది. ఒకటిముప్పావును అరతో భాగించమని బోర్డు మీద రాసి, తిరగేసి గుణించి, మూడున్నర అని కింద రెండు గీతలు కొట్టాను. వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచి, "దీనికో రాత లెక్క చెప్పండి సార్, పిల్లలడిగితే చెప్పాలిగా" అంది. ఠక్కున "ఒకటిముప్పావు కిలో బెల్లాన్ని ఇద్దరికి సమానంగా పంచాలి" అనేశాను. అన్నాక చెమటలు పట్టాయి. ఇద్దరికి పంచడమంటే రెండుతో భాగించడం. ఒక్కొక్కరికి కిలో కూడా రాదు, బోర్డు మీద చూస్తే మూడున్నర ఉంది. చివరికి ఆవిడే గట్టెక్కించింది: "అరకిలో పొట్లాలు కడితే ఎన్నవుతాయి అంటే సరిపోద్దేమో సార్." మూడు పొట్లాలు, ఇంకో సగం పొట్లం. కిరాణా కొట్టులో రోజూ జరిగే పనే. డిగ్రీ చదివిన నాకు తోచలేదు.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, సరిగ్గా ఈ లెక్కనే లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో, చైనాలో టీచర్ల ముందు పెట్టిందని. ఆ అధ్యయనం 1999లో అచ్చయింది. అమెరికాలో 23 మందిని అడిగితే పూర్తిగా సరైన జవాబు రాసింది 9 మంది, సరైన రాత లెక్క చెప్పగలిగింది ఒక్కరు. చైనాలో 72 మందికీ జవాబు వచ్చింది, 65 మంది రాత లెక్క కూడా చెప్పారు. విచిత్రమేమిటంటే ఆ చైనా టీచర్లు చదువుకున్నది అమెరికా వాళ్ళకంటే తక్కువే. తొమ్మిదో తరగతి అయ్యాక రెండు మూడేళ్ళ టీచర్ ట్రైనింగు, అంతే. వాళ్ళకా పట్టు తర్వాత వచ్చింది. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని "ఈ లెక్క ఇక్కడే ఎందుకిచ్చారు, పిల్లవాడు ఎక్కడ తడబడతాడు" అని తోటి టీచర్లతో ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం వల్ల వచ్చింది. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మన కాంప్లెక్స్ సమావేశాల్లోనూ మాట్లాడుకుంటాం, కాకపోతే కరువు భత్యం (డీఏ) గురించి, బదిలీల గురించి. వాటినీ తప్పు పట్టను, అవీ బతుకే.

ఇక మీ 52 లోంచి 27 దగ్గరికి వద్దాం. మీ పిల్లల జవాబు 35 అయి ఉంటుంది. నోటుబుక్కు తెరిచి చూడండి. ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి రెండు పోతే మూడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఒకటో తరగతిలో మనమే చెప్పాం, ఆ మాట వాడు మరచిపోలేదు. దాన్ని 'రాదు' అని రిజిస్టర్లో రాసుకుంటే ఇంకేం తెలియదు. వాడు ఒక నియమాన్ని తప్పు చోట వాడుతున్నాడని కనిపెడితే ఏం చేయాలో తోస్తుంది. ఇంకో పిల్ల 25కు బదులు 26 రాసిందనుకోండి, ఆ అమ్మాయికి పద్ధతి వచ్చింది, వేళ్ళ మీద ఎంచేటప్పుడు జారింది. ఇద్దరికీ ఎర్ర సిరాతో ఒకే ఇంటూ గుర్తు పెడతాం. మొదటివాడికి పుల్లల కట్టలు కావాలి, రెండో అమ్మాయికి "మళ్ళీ ఒకసారి చూడు" అంటే చాలు.

అందుకని మొదటి రోజు ప్రొజెక్టర్ ముట్టుకోవద్దు. మీ బడి నుంచి పది నోటుబుక్కులు తీసుకెళ్ళండి, పేర్లు కనబడకుండా అట్ట మీద కాగితం అంటించి. ఆరుగురికొక గుంపు కట్టి ఒక్కో గుంపుకు ఒకటో రెండో ఇవ్వండి. అడగాల్సింది ఒకటే: ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసింది? "మూడు వందల అయిదు" రాయమంటే 3005 రాసిన పేజీ తప్పక దొరుకుతుంది. చెవికి వినబడినట్టే రాశాడు: ముందు మూడు వందలు, దాని పక్కన అయిదు. నలభై మంది టీచర్లు గంటసేపు ఆ పేజీల మీద వాదించుకుంటే, మాడ్యూల్లో స్థాన విలువ అధ్యాయం సగం అయిపోయినట్టే.

'అప్పు' అనే మాట గురించి కూడా అక్కడే తేల్చండి. పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో అని అందరం చెబుతాం. తీర్చనక్కర్లేని ఆ అప్పు ఏమిటో నాకు నా సర్వీసు సగంలో గానీ తట్టలేదు. ఒక పిల్లవాడు తీసివేత అంతా అయ్యాక తెచ్చిన ఒకటిని తిరిగి పదుల్లో కలిపేసేవాడు. ఎందుకురా అంటే, "అప్పు కట్టాలి గద సార్" అన్నాడు. వాణ్ణి అనేందుకేముంది? అప్పటినుంచీ 'కట్ట విప్పు' అనడం మొదలుపెట్టాను. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేస్తే కట్టలు. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి, ఏం చేస్తావు? చెప్పకముందే బ్యాండు తీస్తారు. ఆ బ్యాండు తీసిన చేత్తోనే పలక మీద అయిదు కొట్టేసి నాలుగు రాయించాలి. పుల్లలతో ఆట ఒక రోజు, అంకెలతో లెక్క ఇంకో రోజు అయితే ఆ రెండూ పిల్లల బుర్రలో కలవవు. బోధన సామగ్రి ప్రదర్శించే టీఎల్‌ఎం మేళాల్లో థర్మోకోల్ బొమ్మలు చూసి చూసి విసిగిపోయినవాళ్ళకు ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పండి.

లెక్కల్లో మనకు తెలుగు చేసే సాయం ఒకటుంది. ఇరవై మూడు అనే మాటలోనే ఇరవై, మూడు ఉన్నాయి. ఇరవై దాటాక తొంభై తొమ్మిది దాకా ఇంతే. హిందీ పిల్లలకు ఆ అదృష్టం లేదు, తేయీస్, పైంతీస్ అని దేనికదే బట్టీ పట్టాలి. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక, రెండు భాషల పుస్తకం చేతిలో ఉన్నా, టీచర్లు ఒన్ టూ త్రీలే పలికిస్తున్నారు. థర్టీన్‌కూ థర్టీకీ తేడా వినబడక 13కు 30 రాసే పిల్లలు ఎంతమందో. ముందు తెలుగులో ఎంచనివ్వండి, కట్టలు కట్టనివ్వండి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేరు పెట్టండి. దీని మీద గొడవ జరుగుతుంది, జరగనివ్వండి.

చదవడం సంగతి ఇంకాస్త చిక్కు. రెండో రోజుకు ఒక చిన్న ఆట చెబుతాను. తెలుగు వాక్యాన్నే మలయాళ లిపిలో రాయండి, "వాన పడితే గొడుగు తీసుకో" లాంటిది. దానికి కావలసిన అక్షరాలు, గుర్తులు ముందే పావుగంట నేర్పండి. మలయాళ లిపి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టండి. తర్వాత ఒకరిని లేపి చదివించండి. నేను చేయించినప్పుడు ఇరవై అయిదేళ్ళ సర్వీసున్న సారొకాయన వేలు పెట్టి "వా... న... ప... డి..." అంటూ చెమటోడ్చి చివరిదాకా వెళ్ళారు. ఏం చదివారు సార్ అంటే, మళ్ళీ మొదటి అక్షరం మీద వేలు పెట్టారు. భాష ఆయనదే, మాటలన్నీ ఆయనకు తెలిసినవే. అక్షరాలు గుర్తుపట్టడానికే శక్తంతా అయిపోతే అర్థానికి ఏం మిగలదు. గది నిశ్శబ్దమైపోయింది. "మా పిల్లలు వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరచిపోతారు" అని పొద్దున్నే ఫిర్యాదు చేసింది కూడా ఆయనే.

మన లిపి చిన్నదేం కాదు. అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతం, ఆపైన వత్తులు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాల మీద పూర్తి పట్టు రావడం నాలుగో తరగతి దాకా, ఆ తర్వాత కూడా సాగుతుందని అందులో తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే కాబట్టి, మూడో తరగతిలో వత్తుల దగ్గర తడబడుతున్నారని కుంగిపోకండి. కాకపోతే ఎక్కడ తడబడుతున్నారో చూడాలి. 'కొ'లో ఒత్వం నెత్తి మీద ఉంటుంది. 'మొ'కు వచ్చేసరికి నెత్తిన ఎత్వం, పక్కన కొమ్ము. ఆ కొమ్ము చూసి పిల్లవాడు మొక్కను 'ముక్క' అంటాడు, మనం అజాగ్రత్త అంటాం. వత్తుల్లోనూ అంతే. డకింద డ, టకింద ట చూస్తే పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల వత్తులకు తల్లి అక్షరం పోలికే ఉండదు, వాటిని విడిగా, నెమ్మదిగా నేర్పాలి. అన్ని వత్తులనూ ఒకే చార్టు మీద ఒకే వారంలో చెప్పేస్తే చార్టు మిగులుతుంది.

ఇంకొకటి మన ప్రాంతానిది. పుస్తకంలో "రాము ఊరికి వెళ్ళాడు" అని ఉంటే మీ పిల్ల "రాము ఊరికి పోయిండు" అని చదివిందనుకోండి, చాలామంది టీచర్లు ఆపి దిద్దుతారు. నన్నడిగితే ఆ రోజు ఆ పిల్ల చదవడం మొదలుపెట్టినట్టు. అక్షరాలు చూసి, అర్థం పట్టుకుని, తన భాషలో చెప్పింది. తర్వాత మెల్లగా "పుస్తకంలో ఏ మాట ఉందో వేలు పెట్టి చూపించు" అనండి, సరిపోతుంది. అదే పిల్ల 'వెళ్ళాడు' అని అక్షరం పొల్లుపోకుండా చదివి, ఎవరు వెళ్ళారంటే దిక్కులు చూస్తే, అప్పుడు కంగారు పడాలి. పాఠం మొత్తం కంఠతా వచ్చి, పుస్తకం చూడకుండానే 'చదివే' వీరులు ప్రతి బడిలోనూ ఉంటారు. నడి వాక్యంలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటి అంటే దొరికిపోతారు.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లెక్కలో మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 మాటలు చదవాలి. శిక్షణలో దీని మీద ప్రశ్న వస్తుంది. తెలుగులో 'వెళ్ళిపోయారనుకున్నాను' అన్నది ఒక్క మాట. హిందీలో చెబితే అరడజను మాటలవుతుంది. అన్ని భాషలకూ ఒకే గడియారం కుదరదు. 2022లో జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద జరిపిన సర్వేలో 20 భాషలకు దేని ప్రమాణం దానికి పెట్టారు. స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లల్ని పరుగెత్తించొద్దని మీ తోటివాళ్ళకు చెప్పండి. అదే పేరాను సోమవారం ఒకసారి, బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి చదివిస్తే వేగం దానంతటదే వస్తుంది.

మిగతా రోజుల గురించి పెద్దగా చెప్పను, మాడ్యూల్లో ఉన్నవాటిలో మీకు నచ్చినవి చేయించండి. చివరి రోజు మధ్యాహ్నం మాత్రం ఖాళీగా ఉంచుకోండి. ఎందుకంటే, శిక్షణలు నీరుగారిపోయేది అక్కడే. రాష్ట్రంలో కొందరికి చెబుతారు, వాళ్ళు జిల్లాలో చెబుతారు, వీళ్ళు మండలంలో చెబుతారు. సాగర్ కాలువ చివరి భూములకు నీళ్ళు ఎలా చేరతాయో మీ ఉమ్మడి జిల్లావాళ్ళకు నేను చెప్పాలా! 2020 జాతీయ విద్యా విధానం టీచరుకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ గంటల్లో ఆన్‌లైన్ శిక్షణ జరిగే దీక్ష యాప్‌లో వీడియో ఒక పక్క ఆడుతూ, పొయ్యి మీద పప్పు ఉడుకుతూ గడిచినవి ఎన్నో మనకు తెలుసు. సర్టిఫికెట్టు వచ్చేసింది, పప్పూ ఉడికింది.

శిక్షణ ఒక్కదానితో బడి మారదని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. ప్రథమ్ సంస్థ, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్ళకు వచ్చిన స్థాయిని బట్టి గుంపులు కట్టి నేర్పే పద్ధతిని వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు రకాలుగా ప్రయత్నించింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం ఫలితాలు కొలిచింది. ఉత్తరాఖండ్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామగ్రి ఇచ్చి పంపితే ఫలితం కనబడలేదు. మామూలు పీరియడ్లలో సిలబస్ ఒత్తిడి కింద అది నలిగిపోయింది. 2012-13లో హర్యానాలో రెండు మార్పులు చేశారు. రోజులో ఒక గంట దీనికే విడిగా పెట్టారు. టీచర్లను పర్యవేక్షించేవాళ్ళు ముందు తామే రెండు మూడు వారాలు బడిలో పిల్లలకు ఆ పద్ధతిలో చెప్పి చూశారు, ఆ తర్వాతే టీచర్లకు చెప్పారు. హిందీ చదవడంలో పిల్లలు ముందుకెళ్ళారు. లెక్కల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఆ మాటా చెప్పాలి కదా.

మన రాష్ట్ర కార్యక్రమం తొలిమెట్టులోనూ మొదట ఒక పరీక్ష (బేస్‌లైన్) పెట్టి పిల్లల స్థాయి చూస్తున్నాం. 2022 ఆగస్టులో మొదలైనప్పుడు నాకు నిజంగా ఆశ కలిగింది, ఆ ఆలోచన మంచిదే. కాకపోతే స్థాయి రాసుకునే ఫార్మాట్లు నింపడానికి పట్టే సమయం ఆ స్థాయి పిల్లలకు చెప్పడానికి మిగలడం లేదని చాలామంది అంటున్నారు. మీ నలభై మందీ అదే అంటారు. తలూపండి, వాదించకండి.

హర్యానా వాళ్ళు చేసిన రెండో పని మీరూ చేయొచ్చు. శిక్షణకు నెల ఉందన్నారు. రేపటినుంచి పదిమంది పిల్లల్ని, తరగతి ఏదైనా సరే, రోజుకు నలభై నిమిషాలు కూర్చోబెట్టండి. పుల్లల కట్టలు సగం సేపు, చదవడం సగం సేపు. ఏం పనిచేసింది, ఏం బెడిసికొట్టిందీ ఒక పుస్తకంలో రాసుకోండి. బెడిసికొట్టినవే ఎక్కువ రాయండి. శిక్షణలో ఎవరైనా "ఇవన్నీ పుస్తకంలో బాగుంటాయి మేడం, ఇద్దరు టీచర్ల బడిలో ఎలా?" అంటే, ఆ పుస్తకం తెరిచి చదివి వినిపించండి. మీదీ ఇద్దరు టీచర్ల బడే కాబట్టి మీకు ఆ మాట చెప్పే హక్కుంది. నాకు ఎప్పుడూ ఉండేది కాదు.

చివరి రోజు మధ్యాహ్నం ఇలా వాడుకోండి. ఒక్కో టీచరూ తన బడిలో ఒక్క పిల్లను ఎంచుకోవాలి, చురుకైన పిల్లను కాదు. ఆ పిల్ల నోటుబుక్కు ప్రతి నెలా కాంప్లెక్స్ సమావేశానికి తేవాలి. జపాన్‌లో టీచర్లు ఒక పాఠాన్ని కలిసి తయారు చేసుకుని, ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు వెనక నిలబడి పిల్లలనే గమనిస్తారు. మన దగ్గర మోడల్ లెసన్ అనగానే బాగా చదివే పదిమందిని ముందు వరసలో కూర్చోబెట్టి, ముందురోజే ఒకసారి రిహార్సల్ చేయించి, అందరం టీచరును చూసి చప్పట్లు కొడతాం. అలా కాకుండా, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరూ ఒక్కో పిల్ల పక్కన కింద కూర్చుని, ఆ పిల్ల పలక మాత్రమే చూడమనండి. పాఠం చెప్పే టీచరుకు కూడా భయం తగ్గుతుంది, తన వైపు ఎవరూ చూడరు కాబట్టి.

మీకు చదువు చెప్పిన సారు సంగతి. ముందురోజు ఫోన్ చేసి, "సార్, మీరు వస్తున్నారని తెలిసింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు, భిన్నాల దగ్గర కాస్త సాయం చేయండి" అనండి. అబద్ధమేం కాదు కదా. ఆ తరం వాళ్ళలో కొందరికి పెద్దల నోట విన్న పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం ఇంకా గుర్తుంటాయి. చెప్పించండి, నా పొట్లాల లెక్క ఆయన చేతే కట్టించండి. మీరు బోర్డు దగ్గర పొరపాటు చేస్తే మొదట ఆయనే పట్టుకుంటారు. పట్టుకుంటే "అవును సార్, ఎక్కడ పోయింది?" అని సుద్దముక్క ఆయన చేతికివ్వండి. ఆ అయిదు నిమిషాల్లో ఆ గదిలోవాళ్ళు నేర్చుకునేది నేను ఆ మూడున్నర లెక్క దగ్గర తడబడిన రోజున నేర్చుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది.

బడి గురించి అడిగారు. మీ తోటి టీచరు ఒక్కరే అయిదు తరగతులూ చూడటం అన్యాయం. ఎంఈఓ గారికి సరేనని నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి. మీరు శిక్షణలో ఉన్నన్నాళ్ళూ పక్క బడి నుంచి ఒక టీచరును డిప్యూటేషన్ మీద పంపాలని, కాంప్లెక్స్ సమావేశాల్లో మొదటి గంట నోటుబుక్కులకు వదలాలని అందులోనే రాయండి. రెండోది ఆయన ఒప్పుకుంటారు, ఖర్చు లేనిది కాబట్టి. మొదటిదానికి కాస్త వెంటపడాలి. కాగితం రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.